ఐదో చేప

తెల్లారి ఆరు గంటలకు హాలు ఊడుస్తున్న రామసుబ్బమ్మ అద్దాల తొట్టి దగ్గర ఆగిపోయింది. మొన్న తెచ్చి వదిలిన పసుపు చేప ఇసుక మీద పక్కకు ఒరిగి పడి ఉంది. ఎప్పటినుంచో ఉన్న చారల చేపలు రెండూ మాత్రం ఏమీ పట్టనట్టు ఈదుతున్నాయి.

ఇది నాలుగోది.

అరబ్బు దేశంలో, అబూ హమూర్ అనే పేటలోని ఆ విల్లాలో ఆమె భర్త తిరుపాలు పదకొండేళ్ళుగా డ్రైవరు. నాలుగు నెలల క్రితం మేడమ్‌తో మాట్లాడి, ఇంటిపనికని భార్యను ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి రప్పించుకున్నాడు. పదో తరగతి చదివే కూతురిని తల్లి దగ్గర వదిలి ఆమె వచ్చింది. ఆ సముద్రపు చేపల తొట్టి మేడమ్ తండ్రిది. ఇంట్లో అందరూ బాబా అనే ఆ ముసలాయన మోకాళ్ళు సహకరించక పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటాడు. తొట్టి చూసుకునే మనిషి మానేశాక తగ్గిన నీళ్ళు పోసే పని తిరుపాలే తన మీద వేసుకున్నాడు. బయట అద్దాలు తుడిచే పని రామసుబ్బమ్మది. ఆ తర్వాత తెచ్చిన ప్రతి కొత్త చేపా రెండు మూడు రోజులకే చచ్చిపోతోంది.

మేడమ్ వచ్చి చూసింది. అద్దం తుడిచే మందు సీసా ఎత్తి రామసుబ్బమ్మ ముఖం ముందు ఆడించింది.

"ఈ మందు అంటిన చేతులే నీళ్ళలో పెట్టావా?" అని అరబ్బీలో అరిచింది.

"మాఫీ, మేడమ్, మాఫీ," అంది రామసుబ్బమ్మ, లేదు లేదని తల అడ్డంగా ఊపుతూ.

తిరుపాలు ముందుకొచ్చాడు. "పల్లెటూరి మనిషి మేడమ్, తెలియక చేసుంటుంది. ఇంకోసారి చేయదు," అన్నాడు అరబ్బీలోనే.

"ఇంకొక్కటి చచ్చిందా, ఖలాస్. ఇంటికి పంపించేస్తాను," అని మేడమ్ లోపలికి వెళ్ళిపోయింది.

భార్యకు ఒకటి రెండు ముక్కలు తప్ప అరబ్బీ రాదనే అనుకున్నాడు తిరుపాలు; నాలుగు నెలలుగా వింటూ ఆమె చాలానే అర్థం చేసుకుంటోందని అతనికి తెలియదు. విల్లా వెనక ఉన్న తమ గదిలోకి వెళ్ళగానే ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"నేనే చేసినానని చెప్తివి గదా బావా?"

"అట్ల గాదే. ఆయమ్మ కోపం తగ్గల్ల గదా. ఎదురు మాట్లాడితే ఇద్దర్నీ పంపిస్తాది."

"నేను తొట్లో చెయ్యి పెట్టింది నువ్వు చూసినావా?"

"చూళ్ళేదు."

"మరి ఎట్ల చెప్తివి?"

తిరుపాలుకు విసుగొచ్చింది. "నువ్వొచ్చినాకనే గదా అవి చస్తాండేది! ముందు ఎప్పుడన్నా చచ్చినాయా?"

ఆమె ఆ రోజు నుంచి అతనితో మాట్లాడడమే తగ్గించేసింది. హాల్లోకి వెళ్ళాల్సి వస్తే గోడవారగా నడిచేది. తొట్టి వైపు తలైనా తిప్పేది కాదు.

పది రోజుల తర్వాత బాబా కోసం ఒక నీలం చేప తెచ్చారు. మూడో రోజు పొద్దున అది నీళ్ళమీద తేలింది. మేడమ్ ఈసారి అరవలేదు. ఫోన్ తీసి మరుసటి రోజు మధ్యాహ్నానికి రామసుబ్బమ్మకు టికెట్ చేయించింది.

తిరుపాలుకు ఏం చేయాలో తోచలేదు. ఆ పూటే చచ్చిన చేపనూ, ఒక సీసాలో తొట్టి నీళ్ళనూ తీసుకుని అల్ సద్‌లో ఆ చేపలు కొన్న దుకాణం నడిపే రహమతుల్లా దగ్గరికి వెళ్ళాడు. రహమతుల్లాది కడప. అతను ఒక చిన్న పరికరం మీద రెండు చుక్కలు వేసి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"యా అల్లా! ఇంత ఉప్పేంది? నీళ్ళు తగ్గితే ఏం పోస్తాండారు?"

"ఉప్పు కలిపిన నీళ్ళే. సముద్రపు చేపలు గదా అని."

"ఆవిరయ్యేది నీళ్ళే భాయ్. ఉప్పు యాడికి పోతాది? తగ్గినప్పుడు మంచినీళ్ళు పోయల్ల. పాత చేపలు కొంచెం కొంచెంగా అలవాటు పడినాయి. కొత్తది నా దుకాణం నీళ్ళలో నుంచి ఒక్కసారిగా దాంట్లో పడితే ఎట్ల బతుకుతాది? ఇంతకీ పోసేదెవరు?"

తిరుపాలు సీసా తీసుకుని బయటికొచ్చాడు. కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేకపోయాడు.

విల్లాకు వచ్చి నేరుగా హాల్లోకి నడిచాడు. మేడమ్ ముందు, బాబా ముందు నిలబడి చెప్పాడు. "నీళ్ళు పోసింది నేను. చేపలు నావల్లే చచ్చిపోయాయి. నా భార్య ఏ తప్పూ చేయలేదు."

మేడమ్ అతన్ని ఎగాదిగా చూసింది. "తాను చేయలేదని ఆమె నాతో చెప్తూనే ఉంది. ఆమె భర్తవు కదా అని నేను నీ మాట నమ్మాను," అంది. కాసేపటికి తనే వెనక గదికి వచ్చి, బట్టలు సర్దుకుంటున్న రామసుబ్బమ్మ చెయ్యి పట్టుకుని, వచ్చీరాని హిందీలో ఉండిపొమ్మంది.

వెంట వచ్చిన తిరుపాలు నోట విషయమంతా విన్న రామసుబ్బమ్మ మేడమ్ వెళ్ళేదాకా ఆగింది. తర్వాత మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది.

"ఆయమ్మే ఉండమనె గదే! ఇంకా యాడికి?"

"ఆయమ్మ నన్ను ఎరగదు. ఆయమ్మ అన్న మాట మర్చిపోతా. పద్దెనిమిదేండ్లు కాపరం చేసినోడివి, నువ్వన్నావే ఆ మాట, దాన్ని మనసులో పెట్టుకొని ఈ గదిలో ఉండలేను."

మరునాడు తిరుపాలు ఆమెను విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. పెట్టె దించాక ఆమె ఆగింది.

"ఊర్లో ఎందుకొచ్చినావని అడిగితే ఏం చెప్పల్ల?"

"నా తప్పని చెప్పు."

"నేను చెప్తే ఎవురు నమ్ముతారు? ఇప్పుడే మా యమ్మకు ఫోన్ చేసి నువ్వే చెప్పు."

తిరుపాలు ఫోన్ తీశాడు. అవతల అత్త పలికింది. "అత్తా, సుబ్బమ్మ వస్తాంది. పని చేతగాక గాదు. తప్పు నేను చేసి దాని మీదేసినా. పాప పక్కన ఉంటే పాపకు గూడా చెప్పు…" జనం చూస్తుండగానే ఏడ్చేశాడు.

రామసుబ్బమ్మ ఫోన్ అతని చేతిలోంచి తీసుకుంది. "ఏం లేదుమా, వచ్చినాక చెప్తా," అని పెట్టేసింది. కొంగుతో అతని ముఖం తుడిచింది.

"పొద్దున్నించీ ఏమీ తినలేదు. పోయి తిను," అని పెట్టె తోసుకుంటూ లోపలికి నడిచింది.