వేడెక్కితేగానీ పట్టని బ్రేకు

"మెల్లగా దువ్వవే! అది జుట్టనుకున్నావా, పీచనుకున్నావా?" అంది ప్రభావతి.

నీలిమ చెయ్యి ఆగింది. దువ్వెన అత్తగారి తలలో ఉందిగానీ మనసు గోడ గడియారం మీద ఉంది. ఈ బస్సు పోతే నరసరావుపేట బస్టాండులో ఇంకో బస్సు కోసం పడిగాపులు పడాలి. చిలకలూరిపేటలో దిగాక హైవే పక్కనున్న మిల్లుకి ఆటో పట్టుకోవాలి. ఆ స్పిన్నింగ్ మిల్లు ల్యాబ్‌లో నూలు పరీక్షించే ఉద్యోగం ఆమెది. మొన్నమొన్నటి దాకా కారులో వెళ్ళి వచ్చేది. ఇప్పుడా కారు పోర్టికోలో ఉంది, తాళం మామగారు త్రికోటేశ్వరరావు చొక్కా జేబులో ఉంది. కొడుకు ఉపేంద్ర అడిగితే ఆ తాళం టక్కున బయటికొస్తుంది. కోడలు అడిగితే మాత్రం జేబుకి చెవుడు.

"ఈ పూట కూడా ఆలస్యమేనా?" అడిగింది ప్రభావతి, కోడలి తొందర వేళ్ళలో తెలుస్తుంటే.

"పర్లేదులే అత్తయ్యా," అంది నీలిమ. ఇంకేమంటుంది? ప్రభావతి కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. ఆ చెయ్యి విరిగింది నీలిమ మూలంగానేనని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేశారు. అన్నం కలిపి పెట్టడం, జడ వేయడం, చీర కుచ్చిళ్ళు పెట్టడం అన్నీ ఆమె నోరు మెదపకుండా చేస్తోంది. తప్పు చేసినవాళ్ళకు కాళ్ళ నొప్పులు కూడా ఉండకూడదన్నట్టుగా ఉంది ఆ ఇంట్లో.

ఆ ఇంటి పునాది రోడ్డుకి బాగా ఎత్తు. పోర్టికో నుంచి గేటు దాకా సిమెంటు వాలు. చెయ్యి విరిగిన రోజు, బాగా మంచు పడుతున్న పొద్దున, నీలిమ కారు తీసింది. ముగ్గు పెట్టి ముగించిన ప్రభావతి గేటు రెక్క పట్టుకుని నిలబడింది. నీలిమ ఎప్పట్లాగే బ్రేకు నొక్కింది. కారు నెమ్మదించింది, కీచుమంది, కానీ ఆగలేదు. జారుకుంటూ పోయి గేటుకి తగిలింది. గేటు ప్రభావతిని తోసింది. ఆమె చెయ్యి ఆనించి పడింది.

"కంగారులో యాక్సిలేటరు తొక్కుంటావమ్మాయ్," అన్నాడు త్రికోటేశ్వరరావు ఆసుపత్రిలో.

"లేదు మామయ్యా. బ్రేకే తొక్కా."

"బ్రేకు తొక్కితే ఆగకుండా పోవడానికి అదేమన్నా ఎడ్లబండా?"

నీలిమ భర్త వైపు చూసింది. పెళ్ళయ్యాక సాగరు కాలవ గట్టు పక్క రోడ్డు మీద ఆమెకి కారు నేర్పింది అతనే. 'నీ కాలు చానా నెమ్మదైన కాలు నీలూ, బ్రేకు నొక్కితే గ్లాసులో నీళ్ళు తొణకవు' అని మురిసిపోయింది అతనే. ఆ మనిషి ఆ రోజు ఆసుపత్రి నేల వంక చూస్తూ, "కంగారులో అట్టా అవుద్దిలే నాన్నా, తననేం అనబాకండి," అన్నాడు.

కాపాడినట్టే ఉంది మాట. కానీ ఆ ఒక్క మాటతో నీలిమ నేరం ఖాయమైపోయింది.

అప్పటి నుంచి బస్సులో కూర్చున్నా, ల్యాబ్‌లో కూర్చున్నా ఆమె కుడికాలు నేలని నొక్కుతూనే ఉండేది. ఇది బ్రేకు, ఇది కాదు. నొక్కింది దీన్నేనా? తలుచుకున్న కొద్దీ జ్ఞాపకం అరిగిపోయి, చివరికి ఏది తొక్కిందో తనకే తెలియకుండా పోయింది. ఇంట్లో ఊపిరాడేది కాదు, మిల్లులో ఆలస్యాలకి మాట పడేది, రెంటి నడుమా ఆ బస్సు.

ఆదివారం అందరూ కోటప్పకొండ బయల్దేరారు, ప్రభావతి చెయ్యి బాగుపడాలని మొక్కుకోవడానికి. మిగతా ముగ్గురూ చెప్పులు వేసుకుంటుంటే ఉపేంద్ర, "ఒక రౌండేసొస్తా, ఈలోపు మీరు తాళాలేసుకోండి," అని కారు తీసుకుని వెళ్ళి వచ్చాడు. ఈమధ్య అతనికదో అలవాటైంది. పూజారి గంట కొట్టినట్టు, ఆ రౌండు కొట్టందే ఎవరినీ ఎక్కించుకోడు.

దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో ఘాట్‌రోడ్డు మీద మలుపు మలుపుకీ కారు చెప్పినట్టు విన్నది. త్రికోటేశ్వరరావు ముందు సీట్లో కూర్చుని ఉప్పొంగిపోయాడు.

"చూశావా అమ్మాయ్? బండి ఆపడమంటే ఇట్టా ఆపాలి. బండిలోనే లోపముంటే ఈ కొండ దిగి ఇంటికి పోయేవాళ్ళమా?"

వెనక సీట్లో నీలిమ తల దించుకుంది. ఉపేంద్ర చెవులు ఎర్రబడటం వెనకనుంచి కనపడింది.

"నా మాట విని ఆ ఉద్యోగం మానెయ్యి. ఆ బస్సులు, ఆ పరుగులు ఎందుకు? ఉగాది దాకా చేసి కాగితం ఇచ్చెయ్యి. మీ అత్తయ్యకి తోడుగా ఉన్నట్టుంటది," అన్నాడు మామగారు ఎంతో ప్రేమగా.

ప్రేమగా అన్నదాన్ని ఎదిరించడం ఎలాగో నీలిమకు తెలియదు. "ఆలోచిస్తా మామయ్యా," అంది. అద్దాలు మూసి ఉన్నాయి. దించమని అడగాలనిపించి కూడా అడగలేకపోయింది.

మర్నాడు అనుకున్నంతా అయింది. జడ, టిఫిను, మందులు అయ్యేసరికి బస్సు కదిలే వేళయింది. "బస్టాండులో దింపండి, ఒక్క నిమిషంలో పోవాలి," అని ఆమె భర్తని తొందరపెట్టి కారెక్కింది. రౌండు కొట్టడానికి వ్యవధి లేదు. సందు చివర పాలమనిషి సైకిలు అడ్డం వచ్చింది. ఉపేంద్ర సీట్లోంచి లేచినంత పని చేసి బ్రేకు తొక్కాడు. కారు కీచుమంటూ జారి, పాలక్యానుకి జానెడు దూరంలో ఆగింది.

"ఛ, ఇంకా వేడెక్కలా," అని గొణిగాడు.

"ఏంది వేడెక్కంది?"

"అదే... ఇంజను."

బస్సెక్కి కూర్చున్నాక ఆ మాట నీలిమ చెవిలో ముల్లులా ఉండిపోయింది. బండి ఆగడానికి ఇంజను వేడెక్కడం దేనికి? అదే కీచుమనే శబ్దం. అదే జారడం. అతని కాలు కూడా కంగారు పడిందా? ఆ రౌండ్లన్నీ ఎందుకు? అప్పుడు గుర్తొచ్చాడు గోపీచంద్. ఉపేంద్రతో కలిసి చెన్నై పక్కనున్న రేసు ట్రాక్‌కి కారేసుకుని వెళ్ళే స్నేహితుడు. ఫోను చేసింది.

"గోపీ అన్నయ్యా, కారు బ్రేకు పొద్దున్నే సరిగ్గా పట్టకపోతే, కొండ మీద మాత్రం బాగా పడితే, దానికి ఏంది కారణం?"

"అదేంది చెల్లెమ్మా! మావోడు ఆ ప్యాడ్లు ఇంకా తీయలేదా?" అవతల గోపీచంద్ గొంతు మారింది. "ట్రాక్ మీద బ్రేకులు నిప్పుల్లా కాలతయ్యి. చక్రాన్ని పట్టి ఆపే మామూలు ప్యాడ్లు ఆ వేడికి తట్టుకోలేవని వేరేవి వేస్తాం. పెనం కాలితేనే అట్టు లేచినట్టు, అవి వేడెక్కితేనే పడతయ్యి. చల్లగా ఉన్నప్పుడు ఎంత తొక్కినా జారుడే. ఘాట్‌రోడ్డులో మాటిమాటికీ తొక్కుతాం కాబట్టి వేడెక్కి బ్రహ్మాండంగా పడతయ్యి. ఊళ్ళోకి రాగానే మార్చెయ్‌రా అని చిలక్కి చెప్పినట్టు చెప్పా వాడికి."

నీలిమ ఫోను ఒళ్ళో పెట్టుకుని తన కుడికాలి వైపు చూసుకుంది. తప్పిపోయిన పిల్ల ఇంటికొచ్చినట్టు అనిపించింది. పక్క సీటావిడ, "ఏమ్మా, ఏడుస్తున్నావేంది?" అని అడిగేదాకా తను ఏడుస్తున్నట్టు తెలియలేదు.

ఆ తర్వాత కోపం వచ్చింది. ఎందుకంటే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ట్రాక్ నుంచి వచ్చిన వారంలో, కారు కీచుమంటుంటే, "రోడ్డు మీద తిరిగే బండికి రేసు సామాన్లేందిరా, తీసేశావా లేదా?" అని త్రికోటేశ్వరరావు గద్దించాడు. ఉపేంద్ర నవ్వుతూ వచ్చి తల్లి తల మీద చెయ్యి పెట్టాడు. "అమ్మ మీద ఒట్టు నాన్నా, తీసేశా. ఆ మోత దుమ్ముది." ఆ మాట నమ్మబట్టే ఎవరూ కారుని అనుమానించలేదు.

ఆ సాయంత్రం నీలిమ ఇంట్లో ఏమీ అనలేదు. రాత్రంతా బ్రేకులు చల్లారాలి.

పొద్దున్నే అత్తగారికి జడ వేసి, మామగారి ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి మామయ్యా. నాక్కాదు, ఆయనకి. నన్ను బస్టాండులో దింపుతారు."

ఉపేంద్ర తాళం అందుకుని, "ఒక రౌండ్..." అనబోయాడు.

"రౌండొద్దు," అంది నీలిమ. మెట్లు దిగి, వాలు దిగి, మూసి ఉన్న గేటు దగ్గర అత్తగారు ఆ రోజు నిలబడ్డ చోట, గేటుకి వీపు ఆనించి నిలబడింది. "రండి. నా ముందు దాకా తెచ్చి ఆపండి. నేను గేటు తీస్తా."

ఉపేంద్ర కారెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. కారు కదల్లేదు.

"పక్కకి జరుగు నీలూ."

"ఎందుకు జరగాలి?"

"ఏంది ఈ చోద్యం? జరగవమ్మాయ్!" అన్నాడు త్రికోటేశ్వరరావు వరండాలోంచి.

"మీరే చెప్పారుగా మామయ్యా. కొండ దిగిన బండి అది. కొండ దింపిన మనిషి ఆయన. భయమెందుకు?" నీలిమ వీపు గేటుకి ఇంకాస్త ఆనించింది. "రండి! బ్రేకు తొక్కితే బండి ఆగుద్ది కదా!"

ప్రభావతి పిండికట్టు చెయ్యి గుండెలకు ఆనించుకుని బయటికి వచ్చింది. అద్దం వెనక కొడుకు మొహం చూసింది. చెమటలు పట్టి ఉంది, ఆ చలిలో. అతని రెండు చేతులూ స్టీరింగుని బిగించి పట్టుకున్నాయి. కాసేపటికి ఇంజను ఆగిపోయింది. ఉపేంద్ర దిగి, కారు తలుపు కూడా వేయకుండా అక్కడే నిలబడ్డాడు.

"నా వల్ల కాదు. ఆగదు అది. ఆ ప్యాడ్లు నేను తీయలేదు."

అతను తల్లి వైపు తిరిగాడు.

"నువ్వు పడ్డప్పుడే నాకు తెలుసు. చెబుదామనే అనుకున్నా. కానీ నీ మీద ఒట్టేశానమ్మా. ఒట్టేసిన వారానికే నీ చెయ్యి విరిగింది. నా ఒట్టే నీకు తగిలిందని భయమేసింది. అది నోటితో చెప్పలేక..."

"ఒట్టు తగల్లేదురా నాకు, కారు తగిలింది," అంది ప్రభావతి. అరవలేదు. "ఒట్టు తీసి గట్టున పెట్టావే అనుకో, అది నాకూ నీకూ మధ్య. దాంతోపాటు ఈ పిల్లని కూడా గట్టున పెట్టావేందిరా? రోజూ నా తల దువ్వుతుంటే దాని చేతులు ఎట్టా వణికేయో నీకు తెలుసా? నాకు తెలుసు. తెలిసి కూడా నీదేం తప్పు లేదులేవే అని ఒక్క మాట అనకపోతిని."

ఉపేంద్ర గేటు దాకా వచ్చాడు. "నీలూ..."

"చెయ్యి వెయ్యబాకండి." నీలిమకి అప్పుడొచ్చింది ఏడుపు, ఆపుకున్నదంతా. "కారు ఇవ్వలేదని కాదండీ నా బాధ. నా కాలు ఏది తొక్కిందో నాకే తెలియకుండా చేశారు. బస్సులో, మిల్లులో, అన్నం తినేటప్పుడు, ఉత్త నేలని తొక్కుతూ కూర్చున్నా పిచ్చిదానిలా. నేర్పింది మీరే. నెమ్మదైన కాలు అన్నది మీరే. తప్పు నీది కాదని చెప్పాల్సింది ఇంకెవరు?"

అతను వాలు మీదే కూలబడిపోయి మొహం కప్పుకున్నాడు. ఓదార్చాలని ఎవరికీ అనిపించలేదు.

త్రికోటేశ్వరరావు జేబు తడుముకున్నాడు, తాళం అందులో లేదని మరిచిపోయి. "నేనూ తొందరపడ్డానమ్మాయ్," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఇంట్లో అంటే చాలదు," అంది ప్రభావతి. "మాచర్ల మీ చెల్లెలి దగ్గర్నుంచి బొల్లాపల్లి వియ్యంకుల దాకా ఫోన్లు చేసి మరీ చెప్పారుగా, మా కోడలు గుద్దేసిందని. అదే నోటితో మళ్ళీ చెప్పండి."

ఆ పెద్దమనిషి అక్కడికక్కడే ఫోను తీసి చెల్లెలికి చేశాడు. పంచాయితీల్లో పదిమందిని నోరు మూయించిన గొంతు ఆ పూట తడబడింది. ఉద్యోగం ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజే ఉపేంద్ర గేరు పెంచకుండా మెల్లగా మెకానిక్కు దగ్గరికి పోయి మామూలు ప్యాడ్లు వేయించుకొచ్చాడు. నీలిమ అతనితో పెద్దగా మాట్లాడలేదు. రాత్రి కంచంలో అన్నం మాత్రం వడ్డించింది.

మర్నాడు పొద్దున తాళం దేవుడి గూటి పక్కనున్న మేకుకి వేలాడుతోంది, ఎవరైనా తీసుకోవచ్చునన్నట్టు. నీలిమ కారెక్కింది. స్టార్ట్ చేసింది. కాలు బ్రేకు మీదే ఉంది. వాలు చివర మంచులో గేటు మసగ్గా కనపడుతోంది.

ఉపేంద్ర గబగబా గేటు తీయడానికి పోయాడు.

"నువ్వు జరుగు," అంది ప్రభావతి వెనకనుంచి. మెల్లగా వాలు దిగి, మూసి ఉన్న గేటు దగ్గర, తను పడ్డ చోటే నిలబడింది. పిండికట్టు చెయ్యి ఒకటి, బాగున్న చెయ్యి ఒకటి.

నీలిమ అద్దం దించింది. "అత్తయ్యా, మీరు పక్కకి రండి. నాకు భయంగా ఉంది."

"నాకు లేదే. రా," అంది ప్రభావతి. "బస్సుకి కాదుగా, కారులోగా పోయేది. నెమ్మదిగానే రా."

నీలిమ కాలు వదిలింది. కారు వాలు మీద కదిలింది. మంచులోంచి అత్తగారి మొహం దగ్గరకొచ్చింది. కళ్ళు నిండిపోయి సరిగ్గా కనపడటం లేదు. అయినా ఎక్కడ నొక్కాలో కాలికి తెలుసు. నొక్కింది.

కారు ఆగింది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన గ్లాసులాంటి స్టీలు టిఫిను గిన్నె కూడా కదల్లేదు.

ప్రభావతి ఎడమచేత్తో బానెట్ మీద రెండుసార్లు తట్టి, వెనక్కి తిరిగి గేటు తీసింది.