రెండేళ్లకు గుర్తుపట్టే చేప

నల్లా వచ్చే రోజు పాలమూరులో ఎవరికీ ఎవరూ చుట్టాలు కారు. ఖాతూన్ చీకటి విడకముందే లేచి వీధి నల్లా దగ్గర బిందె పెట్టింది. పక్కింటి బక్కమ్మతో మాటా మాటా అనుకుని వరుస దక్కించుకుంది. నడి వేసవి. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చిన రోజైనా ఎప్పుడు ఆగిపోతాయో ఎవరికీ తెలియదు. చంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందె మోసుకొచ్చి వాకిట్లో దించేసరికి, మొగుడు దస్తగిరి రెండు బకెట్లతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"గీ బకెట్లు గూడ నింపిపెట్టు. ఎవలు ముట్టుకోవద్దు. నల్లా నీళ్లల్ల కలిపే మందు వాసన పోవాలె."

"మొకం కడుక్కునేటందుకు చెంబెడు నీళ్లు లేవుగని చేపలకు బకెట్లు దాస్తున్నరు," మంచం మీద నుంచి అత్త జన్నత్ బీ అందుకుంది. "ఇంతకు చేపలేవిరా కొడుకా?"

ముసలామె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ముందు గదిలో కుట్టు మిషను ఉండే జాగాలో ఇప్పుడు నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. తొట్టిలో ఇసుక ఉంది, రెండు నల్ల రాళ్లున్నాయి, బుడగలు వదిలే చిన్న మోటరు ఉంది. లేనిది చేప ఒక్కటే. వాడకట్టు వాళ్లు వచ్చి, కాసేపు బుడగలు చూసి, మర్యాదకు బాగుందని చెప్పి వెళ్తున్నారు.

చేపల అంగడి ఆసామి నీళ్లు కొన్నాళ్లు ఊరికే తిరగాలన్నాడు, అది నిజమే. కానీ ఆ గడువు దాటిపోయి చాలా రోజులైంది. దస్తగిరికి ఏ చేప తేవాలో తేలడం లేదు. చిన్న చిన్న రంగు చేపలు ఆయనకు ఆనవు. జానెడు మూరెడు పెరిగే పెద్ద జాతి చేపే కావాలి. ఆ పెద్ద జాతిలోనూ ఏదన్నది రోజుకో మాట చెబుతున్నాడు.

వాళ్లది దూదేకుల ఇల్లు. దస్తగిరి తండ్రి కోస్గి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులు వచ్చాక ఆ పని పడిపోయింది. దస్తగిరి డ్రైవరు పని నేర్చుకుని, ఖాతూన్ కడుపుతో ఉండగానే దుబాయి పోయాడు. అక్కడ ఒక సేఠ్ ఇంట్లో కారు నడిపాడు. పిల్లకు మూడేళ్లప్పుడు ఒక్కసారి సెలవు మీద వచ్చి పోయాడు. మళ్లీ ఇప్పుడే రావడం. ఆ పిల్ల లాడ్లీకి ఇప్పుడు ఏడు నిండాయి.

వచ్చి రెండు నెలలైంది. ఇక పోనని అనలేదు, పోతానని అనలేదు. కోస్గి రూటులో తన జీపు నడపమని జీపు యజమాని యాదయ్య ఇంటికొచ్చి అడిగితే "చూద్దాం" అని చాయ్ తాగించి పంపాడు. ఖాతూన్ మాత్రం అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనన్న భయం ఆమెది. పొద్దున లేవగానే మంచం మీద మనిషి ఉన్నాడా లేడా అని చూసుకునే భయం అది. ఏడేళ్ల అలవాటు రెండు నెలల్లో ఎక్కడ పోతుంది!

ఇక లాడ్లీ. తండ్రి ఎదురుపడితే తప్పుకుంటుంది. పిలవాల్సి వస్తే "అవ్వ పిలుస్తున్నది" అని గోడకు చెప్పినట్టు చెప్పి పోతుంది. "బాపూ" అని గాని, మరే వరుసా పెట్టి గాని పిలవదు. సాయంత్రం కాగానే ఆయన దుబాయి నుంచి పంపిన టేప్‌రికార్డరు ఎత్తుకుని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. పాటలు వింటుంది కాబోలు అనుకున్నాడు దస్తగిరి. ఒకసారి మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, గొంతు వచ్చే చోట ఉన్న ఇనప జాలీ చూపించి, "కొత్త డబ్బా పంపితిని, జాలీ మీద గిక్కడ రంగెట్ల పోయింది?" అని ఖాతూన్‌ను అడిగాడు. ఆమె పొయ్యి ఊదుకుంటూ వినబడనట్టు ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం ఎండ తగ్గాక దస్తగిరి, ఖాతూన్, లాడ్లీ ముగ్గురూ బస్టాండు వెనకాల చేపల అంగడికి పోయారు. అంగడాయన అమరేందర్ హైదరాబాదు నుంచి చేపలు తెచ్చి అమ్ముతాడు. మాటకారి. చేపల గురించి చెబుతుంటే పెళ్లి సంబంధం చెబుతున్నట్టే ఉంటుంది.

"అన్నా, గీ సెవరం చేప చూడు. నెమ్మదైన బుద్ధి, ఎవలతోని లొల్లి పెట్టుకోదు. ఇగో, గిది జాక్ డెంప్సీ. ఒంటి నిండ నీలం చుక్కలు. దీన్ని జంటగనే పెంచాలె. గుడ్లు పెట్టినంక తల్లి ఒక్కతే సాకదు, తండ్రి గూడ జాగ ఇడువకుంట చుట్టూ తిరిగి కావలి కాస్తడు. ఇగ ఆస్కారు. గిది ఒక్కటే ఉంటది. ఇప్పుడు వేలంత ఉన్నదిగని మూరెడైతది. మనిషిని ఎరుకపడ్తది. చేతిల నుంచి తిండి తీస్కుంటది."

"నాకు ఎరుకే," అన్నాడు దస్తగిరి. "సేఠ్ ఇంట్ల ఆస్కారుకు నేనే తిండేసేటోన్ని."

ఖాతూన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. దుబాయి నుంచి వచ్చేవాళ్లతో ఆయన తన మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేవాడు. ప్రతి క్యాసెట్టులో సగం ఆ చేప ముచ్చటే. సవతి ఉంటే కూడా ఇంత చెప్పి ఉండడని అప్పట్లో ఆమె నవ్వుకునేది.

దస్తగిరి గాజు మీద వేలు పెట్టాడు. లోపల వేలంత ఆస్కారు వేలి వైపు తిరిగింది. దాన్నే చూస్తూ మెల్లగా అడిగాడు.

"అమరేందరన్నా, ఒకటడుగుత. ఇప్పుడు కొన్నాళ్లు నేను సాకి, మళ్ల రెండేండ్లు కనబడకుంటే, వచ్చినంక గుర్తువడ్తదా?"

ఖాతూన్ చేతిలోని లాడ్లీ చెయ్యి ఒక్కసారి గట్టిగా నలిగింది. రెండేళ్లంటే దుబాయి కొలువు గడువని దుబాయి మనిషి పెళ్లానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"రెండేండ్లా?" అమరేందర్ తల గోక్కున్నాడు. "ఏమో అన్నా. ఎవలు తిండేస్తే వాళ్లనే యాదుంచుకుంటది. ఎదురుంగ ఉండేటోనికే గిది. ఊర్ల ఉండనంటే జంటను తీస్కపో. ఒకదానికొకటి తోడు. వాటికి మనిషితోని పనిలేదు."

"గదే ఇయ్యి అన్నా," అంది ఖాతూన్. "మనిషితోని పనిలేనిదే ఇయ్యి. మా ఇంటికి అదే కావాలె."

పిల్లను లాక్కుని వీధిలోకి నడిచింది. దస్తగిరి చేప కొనకుండానే వెనకాల వచ్చాడు.

ఇంట్లోకి రాగానే ఖాతూన్ తొట్టికి అడ్డంగా నిలబడింది.

"ఎప్పుడు పోతున్నవ్?"

"ఇంక ఖరారు చెయ్యలె. సేఠ్ రమ్మన్నడు. గీ నెలాఖరుకు మాట చెప్పాలె."

"అంగడోన్ని అడిగినవు. చేపను గూడ అడిగినంత పనిజేసినవు. నన్ను అడగాల్నని తోచలే?"

"అడిగితే వద్దంటవ్."

"వద్దనేటందుకు గాకపోతే పెండ్లాం ఎందుకయ్యా!"

జన్నత్ బీ మంచం మీద లేచి కూర్చుంది.

"ఈడ ఉండి ఏంజెయ్యాలె ఖాతూన్? యాదయ్య జీపు తోలుకుంట బతుకుమంటవా? నేను లేకున్నా మీకేం తక్కువ చెయ్యలె. గీ తొట్టి గూడ నాకోసం కాదు. లాడ్లీ రోజు చేపకు తిండేస్తది, ఏసినప్పుడన్న నన్ను యాదిచేసుకుంటదని..." దస్తగిరి ఖాళీ తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "పోయినసారి సెలవుకొచ్చిన యాదున్నదా? గీ పిల్ల నన్ను చూసి అవ్వ కొంగు సాటుకు పోయింది. ఎవలో వచ్చిర్రమ్మా అని నిన్ను పిలిచింది. నేను వాపస్ పోయి ఆడ తలుపు తీసిన్నో లేదో, ఆ చేప అద్దం కాడికి ఉరికొచ్చింది. అద్దం ముంగట కూసోని ఏడ్సిన ఖాతూన్. గీ దునియాల నన్ను యాదుంచుకున్నది అదొక్కటే అనిపిచ్చింది."

ఖాతూన్ కోపమంతా ఆ మాటతో కన్నీళ్లలోకి దిగింది.

"దానికి నీ చేత్తోని పెట్టినవు, అది యాదుంచుకున్నది. మాకేం పెట్టినవు? పైసలు పంపిన అనకు, పైసలకు మొకముండదు. ఏటేట రంజాన్‌కు సేమియా చేసి నీ గిన్నె గూడ నింపిపెట్టిన. మాపటిదాంక దాని మీద మూత పెట్టి, పారబొయ్య చేతగాక నేనే తాగిన. అదొక్కటే యాదుంచుకున్నదా? మరి నన్నేమంటవు?"

ఆమె తొట్టి పక్కన కూలబడి కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. దస్తగిరి దగ్గరకు పోబోయి, ఏ మొహంతో పోవాలో తెలియక ఆగిపోయాడు.

ఇంతలో వంటింటి తలుపు తెరుచుకుంది. లాడ్లీ రెండు చేతులా టేప్‌రికార్డరు ఎత్తుకుని వచ్చింది. దాన్ని తల్లి ముందు జాగ్రత్తగా దించి, తల్లి మోకాళ్ల మీద చెయ్యి వేసింది.

"ఏడ్వకమ్మా. ఆయన పోతె పోనీ. మనకు బాపు ఉన్నడు గదా."

అని మీట నొక్కింది.

గరగరమని చప్పుడు వచ్చి, తర్వాత దస్తగిరి గొంతు వచ్చింది. ఎన్నో ఏళ్ల కిందటి గొంతు, కాస్త పడుచుగా ఉంది. "లాడ్లీ, బువ్వ తిన్నవా బిడ్డా?"

"తిన్న," అంది లాడ్లీ.

"మంచిగ తినాలె. అమ్మను సతాయించొద్దు. గిక్కడ నా చేప గూడ తిన్నది. నేను ఎటు పోతే అటే వస్తాంది." కాసేపు నవ్వు. "ఏదీ, బాపుకొక ముద్దియ్యి."

లాడ్లీ వంగి జాలీ మీద ముద్దు పెట్టింది. అది ఆలోచించి చేసిన పని కాదు, రోజూ చేసే పని. సరిగ్గా రంగు పోయిన చోటే పెట్టింది.

దస్తగిరి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆ పిల్ల ప్రతి పూటా ఆ గొంతు వింటేనే ముద్ద మింగిందని, ఆ డబ్బాను పక్కన పెట్టుకుంటేనే నిద్రపోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పే పని లేకుండా ఆ రంగు పోయిన మచ్చే చెబుతోంది. తనను యాదిచేసుకునేవాళ్లు లేరని పరాయి దేశంలో చేప ముందు ఏడ్చాడు. ఇక్కడ ఇన్నేళ్లూ తన ముద్దులు ఇనప జాలీ తీసుకుంది.

"లాడ్లీ," అని పిలిచాడు. పిలుపు సగం ఏడుపులో పోయింది.

పిల్ల తల తిప్పి టేప్‌రికార్డరు వైపు చూసింది.

దస్తగిరి రెండు చేతుల్లో తల పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కాడు. జన్నత్ బీ మంచం దిగి వచ్చి మీట నొక్కి ఆ గొంతు ఆపేసింది. "చాలు కొడుకా," అని మాత్రం అని, కొడుకు వీపు మీద చెయ్యి పెట్టింది.

మర్నాడు పొద్దున దస్తగిరి ఎవరికీ చెప్పకుండా బయటికి పోయాడు. ఖాతూన్ వాకిలి ఊడ్చి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. ఎండెక్కాక ఆయన తిరిగి వచ్చాడు. చేతిలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచి, అందులో వేలంత ఆస్కారు ఒక్కటే ఉంది.

"గింత తొట్టికి ఒక్కటేనా?" జన్నత్ బీ కళ్లు చిట్లించి చూసింది.

"మూరెడైతదమ్మా. పన్నెండేండ్లు బతుకుతదట."

"పన్నెండేండ్లు ఎవలు సాకుతర్రా దాన్ని?"

"నేనే." ఆయన ఖాతూన్ వైపు చూసి చెప్పాడు. "యాదయ్యను కలిసొచ్చిన. రేపటి సంది జీపు. సేఠ్‌కు రానని చెప్పిపంపుత."

ఖాతూన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి బకెట్టు ఎత్తుకుని వచ్చి తొట్టి పక్కన పెట్టింది.

"మందు వాసన పోయింది. నిన్నటి నీళ్లే. అత్తమ్మను గూడ ముట్టనియ్యలె."

చేపను వదిలారు. వదలగానే అది నల్ల రాయి వెనక్కు పోయి దాక్కుంది. దస్తగిరి తొట్టి ముందు కూర్చుని గాజు మీద వేలు పెట్టాడు, నాలుకతో చప్పుడు చేశాడు, పిలిచాడు. అది తోకైనా చూపించలేదు.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న లాడ్లీ మెల్లగా వచ్చింది. కొంచెం ఎడంగా కూర్చుంది. కొంచెం దగ్గరికి జరిగింది.

"వస్తలేదా?"

"లేదు బిడ్డా. కొత్త గదా, నన్ను చూసి భయపడ్తాంది."

లాడ్లీ తొట్టిలోకి చూసింది, తర్వాత ఆయన మొహంలోకి చూసింది. గాజు మీద ఉన్న ఆయన వేలు పట్టుకుని కిందికి దించింది.

"ఊకె పిలువకు. రోజు గిక్కడ్నే కూసో. గప్పుడు గుర్తువడ్తది, బాపూ."