నిస్సీ మానేసిన క్లాసులు

“ఈ పాఠం ఎవరికైనా అర్థమైందాండీ?” ఆకివీడు నెట్ సెంటర్లో కూర్చుని టైప్ చేసింది నిస్సీ.

“మీకు తప్ప అందరికీ,” తాడేపల్లిగూడెం నుంచి దుర్గేష్ జవాబు.

క్లాసంతా నవ్వు బొమ్మలు పెట్టింది. అది 2008. యూనివర్సిటీ కొత్తగా పెట్టిన ఆన్‌లైన్ ఎంసీఏ. ఎవరి ముఖం ఎవరికీ తెలీదు. నిస్సీ హెడ్‌ఫోన్స్ తీసేసింది.

మర్నాడు అతనే విడిగా మెసేజ్ పెట్టాడు. “నిజానికి నాకూ అర్థం కాలేదండీ.”

“మరి నిన్న ఆ గొప్పలేంటండీ?”

“నేనొక్కడినే మొద్దుననుకుంటారేమోనని.”

నిస్సీ పైకే నవ్వేసింది. పక్క సీటాయన తిరిగి చూశాడు.

ఇక రోజూ కబుర్లే. క్లాసు కంటే ముందే ఇద్దరూ వచ్చి కూర్చునేవారు.

కంప్యూటర్ కట్టేస్తే మాత్రం నిస్సీకి ఎవరూ లేరు. డిగ్రీ స్నేహితురాళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. తండ్రి ప్రభుదాసు మాస్టారు చదువు సంగతి అడిగితే “బాగానే ఉంది నాన్నా” అనేది. అన్నం సయించడం లేదు. పాఠం వింటుంటే ఊరికే కళ్ళు నిండేవి. ఒకరోజు దుర్గేష్‌కి రాసింది.

“వారం నుంచి మీతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదండీ. ఏడుపొస్తోంది.”

“మీ ఊరివాళ్ళు అదృష్టవంతులండీ,” అన్నాడతను, కన్నుకొట్టే బొమ్మ జతచేసి.

తర్వాత ఆమె క్లాసుకి రాలేదు. అతని మెసేజ్‌లకి జవాబూ రాలేదు.

పరీక్ష రోజు ఏలూరు స్టడీ సెంటర్లో గుమాస్తా “నిస్సీ” అని పిలిస్తే, ఒక సన్నటి అమ్మాయి లేచి తన సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుంది. బయట వాన. పరీక్ష రాయడానికొచ్చిన దుర్గేష్ ఆమె వెనకే వరండాలోకి పరిగెత్తాడు.

“నేను దుర్గేష్‌నండీ. మానేస్తున్నారా?”

ఆమె అతన్ని నిండుగా చూసింది. “అవునండీ.”

“మరి నేనెవరితో మాట్లాడాలండీ? మీరంటే నాకిష్టం. ఎదురుగా చెబుదామనే ఆగాను.”

“నాకూ ఇష్టమేనండీ. అందుకే ఏడుపొస్తోందని మీకొక్కరికే చెప్పాను.”

దుర్గేష్ హాల్ టికెట్ మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. “ఇప్పుడు చెప్పండి, వింటాను,” అన్నాడు.

“ఇప్పుడు నాన్నగారు వింటున్నారండీ. డాక్టరుగారికి చూపించారు. నిద్ర పడుతోంది.” గొడుగు తెరిచింది. “మీ పరీక్షకి బెల్ కొట్టారు, వెళ్ళండి.”

“ఫోన్ చెయ్యనా?”

“వద్దండీ. మీ మాటలకి మళ్ళీ నవ్వేస్తాను. మళ్ళీ నాకు మీరొక్కరే మిగులుతారు.”

ఆమె వానలో బస్టాండు వైపు నడిచింది.

దుర్గేష్ పరీక్ష రాశాడు. పాసయ్యాడు కూడా. ఆ సంగతి ముందుగా చెప్పాలనిపించిన మనిషికి మాత్రం చెప్పలేకపోయాడు.