గుప్పెడు ఉక్కు బంతులు

సీక్రెట్ ఏజెంట్ నగుమో మిట్టమధ్యాహ్నం పూట, కిక్కిరిసిన హాల్లో, అంతమంది మధ్యన చనిపోయాడు. ఒక్కరూ గమనించలేదు. ఒసాకాలో పచింకో జూదం ఆడేవాడు పక్కవాడి మొహం చూడడు. వాడి కళ్ళు ఎంతసేపూ అద్దం వెనక, మేకుల మధ్య ఎగిరెగిరి పడే ఉక్కు బంతి మీదే ఉంటాయి. లౌడ్‌స్పీకర్లో కవాతు సంగీతం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. నగుమో తల మిషన్ అద్దానికి ఆనించి కూర్చుంటే ఓడిపోయి అలిగాడనుకున్నారు.

అతని ఎడమ గుప్పిట మాత్రం బిగుసుకునే ఉంది. అందులో ఉక్కు బంతులు. అరచేతిలో చీమ కుట్టినంత ఎర్రచుక్క.

డాక్టరు గుండెపోటని రాసిచ్చాడు.

"జూదరి," అన్నాడు చీఫ్ ఒకబయాషి, ఫైలు మీద వేలితో కొడుతూ. "డ్యూటీ టైములో పచింకో హాల్లో కూర్చుని పోయాడు. పైవాళ్ళు ఆ మాటే రాయమంటున్నారు."

"ఆయన వెల్డెన్‌ని ఫాలో అవుతున్నాడు సార్," అన్నాడు ఏజెంట్ కుజుహర. "వెల్డెన్ ఆడుతుంటే ఈయన పక్కన నిలబడి జపం చేసుకోవాలా?"

కుజుహరకు పని నేర్పింది నగుమోయే. అతని కూతురు ఇంకా బడికి పోతోంది. ఆ ఒక్క మాట ఫైలుకెక్కితే ఆ పిల్ల దాన్ని పెళ్ళి దాకా, ఆ తర్వాతా మొయ్యాలి.

చీఫ్ సిగరెట్ వెలిగించాడు.

"వెల్డెన్ మిషన్ పార్టులు అమ్ముకునే విదేశీ వ్యాపారి. అది కవర్. కోబే రేవులో మనవాళ్ళు తయారుచేస్తున్న పరికరం ఉందే, సముద్రంలో జలాంతర్గామి చప్పుడు పసిగట్టేది, దాని నమూనా వాడి ముఠా ఫొటో తీసింది. ఆ మైక్రోఫిల్మ్ శనివారం బోతన్ హాల్లో, నగుమో పోయిన చోటే, చేతులు మారుతుంది. ఎలాగో తెలీదు. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. పేరు చిజురు. నీకు పచింకో వచ్చా?"

"రాదు సార్."

"మంచిది. రానివాణ్ణి ఎవరూ అనుమానించరు. శనివారం దాకా టైమిస్తున్నా. ఏమీ తేలలేదా, ఆ మాట రాసి ఫైలు మూసేస్తా."

కింద టెక్నికల్ సెక్షన్‌లో ముసలి షిరైషి ఒక పెట్టుడు మీసం, ఒక సిగరెట్ లైటర్ ఇచ్చాడు. లైటర్ అడుగున బలమైన అయస్కాంతం. వెల్డెన్ కారు కింద ట్రాన్స్‌మిటర్ అతికించడానికి.

"హాల్లో మాత్రం దీన్ని బయటికి తియ్యకు నాయనా," అన్నాడు షిరైషి. "అయస్కాంతంతో బంతుల్ని నడిపించే దొంగాటగాడివనుకుని ఎముకలు ఏరేస్తారు."

"ఫిల్మ్ ఎందులో దాస్తారంటారు?"

"మనమైతే ఇత్తడిలో దాస్తాం. తొలవడం తేలిక. పైన తళతళలాడే పూత పూస్తే అసలు సంగతి దేవుడికి కూడా తెలీదు."

* * *

సెన్నిచిమాయె వీధిలో, వేయించిన ఆక్టోపస్ ఉండలు అమ్మే కొట్టు పక్కన బోతన్ హాల్. సైకిల్ బెల్లుల సేల్స్‌మన్ వేషంలో, గళ్ళ కోటుతో, మీసంతో కుజుహర లోపలికి వెళ్ళాడు. ట్రేలో బంతులు పోసుకుని ఒకటి కంతలో దూర్చి, కుడిచేత్తో మీట లాగి వదిలాడు. బంతి రయ్యిమని అద్దం అంతా చుట్టి, నేరుగా అడుగు కంతలో పడి మాయమైంది. రెండోదీ అంతే. పదోదీ అంతే. గురిపెట్టి తుపాకీ కాల్చే చెయ్యి, పాపం, ఈ మీట దగ్గర చేతులెత్తేసింది.

మిషన్ల వరస మీద నుంచి ఒక ఆడమనిషి తల పైకి లేచింది. వెనకాల కూర్చుని మిషన్లలో బంతులు పోసే ఫుసాయె.

"ఏం బాబూ, మిషన్ పగలగొడతానని ఎవరితోనైనా పందెం కాశావా? కాస్త మెల్లగా. ఇవతల మనుషులున్నాం."

హాల్లో నవ్వులు. కుజుహర చెవులు ఎర్రబడ్డాయి.

పక్క సీట్లో సెంటు వాసన గుప్పుమంది. ఆకుపచ్చ పట్టుగౌను, ఎత్తుమడమల చెప్పులు, ఎర్రటి పెదవులు.

"మీ మిషన్ ఇవాళ ఆకలి మీదున్నట్టుంది," అందామె.

అది కోడ్.

"నిన్న తిన్నది రేపు కక్కుతుంది," అన్నాడు కుజుహర.

"కక్కదు అన్నయ్యా. మీరు ఆడే తీరు చూస్తే ఏడాది దాకా కక్కదు," అని చిజురు గలగలా నవ్వింది. "ముందు ఆ చేతితొడుగులు తీసెయ్యండి. తొడుక్కుని బంతి పట్టుకునేవాడు ఈ ఊళ్ళో ఉండడు. బంతి బరువు వేలికి తెలియాలి. ఊఁ, ఇప్పుడు ఎడమ బొటనవేలితో ఒక్కొక్కటే తొయ్యండి. మీటని లాగకండి, వదలండి."

"లాగకుండా వదిలేదెలా?"

"కోపం లేకుండా వదలడం. పైన ఎడం పక్కన ఆ మేకు కనిపిస్తోందా? కంత వైపు చూడకండి. ఆ మేకుకే కొట్టండి. తర్వాత బంతి దారి బంతిది."

ఆమె మంచి గురువు, ఆ మాట ఒప్పుకోవాలి. కుజుహర రోజూ వెళ్ళాడు, రోజూ ఓడాడు. బొటనవేలు బొబ్బలెక్కింది. ఓడి నోరు మూసుకుని కూర్చుంటే చిజురు మోచేత్తో పొడిచింది.

"తిట్టండి. ఓడి తిట్టనివాణ్ణి చూస్తే జనానికి అనుమానం."

"నీ మొహం మండ, నీకు తుప్పు పట్ట," అన్నాడు కుజుహర మిషన్‌తో, మనస్ఫూర్తిగా.

"అబ్బ, ఇప్పుడు ఒసాకావాడిలా ఉన్నారు."

గురువారంనాడు అతను వదిలిన బంతి ఆ మేకుకు తగిలి, కిందికి జారి, మధ్య కంతలో పడింది. గంట మోగి, మిషన్ గలగలా బంతులు కక్కింది. దేశాన్ని కాపాడటానికి వచ్చిన మనిషి చిన్నపిల్లాడిలా చంకలు గుద్దుకున్నాడు. అటుపక్క కూర్చున్న గొడుగుల దుకాణం ముసలాయన మాత్రం బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

"ఆయనకి గుప్పెడు ఇవ్వండి," అంది చిజురు మెల్లగా. "గెలిచినవాడు పక్కవాడికి గుప్పెడు పెట్టాలి. ఇక్కడి మర్యాద."

కుజుహర గుప్పెడు తీశాడు. ముసలాయన దోసిలి పట్టి తీసుకుని, తల వంచాడు. అంతా ఒక్క క్షణం. ఎవరూ తలతిప్పి చూడలేదు. కుజుహర చెయ్యి మాత్రం గాల్లోనే ఆగిపోయింది.

నగుమో గుప్పిట్లో బంతులు ఉన్నాయి. ఆడేటప్పుడు బంతులు ట్రేలో ఉంటాయి, వేలి చివర ఒక్కటి ఉంటుంది. గుప్పిట నిండా ఉన్నాయంటే, ఎవరో ఇచ్చారన్నమాట.

ఆ సాయంత్రమంతా వెల్డెన్‌ని కొత్త కళ్ళతో చూశాడు. ఎర్రజుట్టు మనిషి, మూల సీటు. రోజూ ఓడతాడు, ఒక్కసారీ తిట్టడు. చిజురు గెలిచినప్పుడల్లా అతనికి గుప్పెడు పెడుతుంది. ముఠా నమ్మకం నిలబెట్టుకోవడానికే అని ఆమె ముందే చెప్పింది. కావచ్చు. కానీ ఒక గుప్పెట్లో తొలిచిన ఇత్తడి బంతి ఒకటి కలిస్తే ఏ కస్టమ్స్‌వాడు పట్టుకుంటాడు?

శుక్రవారం హాలు ఫోన్‌కి చీఫ్ కాల్ చేశాడు.

"వచ్చెయ్ కుజుహరా. వెల్డెన్ పరపతి ఉన్నవాడట. వాడి జోలికి పోవద్దని పైనుంచి ఆర్డర్."

"నగుమో సంగతి?"

"ఫైలు మూసేస్తున్నా. ఇది ఆర్డర్."

కుజుహర రిసీవర్ని లౌడ్‌స్పీకర్ వైపు తిప్పాడు. కవాతు సంగీతం చీఫ్ చెవిలో దద్దరిల్లింది.

"ఏమీ వినపడటం లేదు సార్. రేపు సాయంత్రం చెయ్యండి," అని పెట్టేశాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. ఆ మాట అనుకోగానే గుండె తేలికైంది.

* * *

శనివారం హాలు ఇసకేస్తే రాలనట్టుంది. చిజురు మధ్యలో, కుడివైపు వెల్డెన్, ఎడమవైపు కుజుహర. సాయం వచ్చేవాళ్ళు లేరు. ఆఫీసు లెక్కలో కుజుహర ఇప్పుడు ఇక్కడ లేడు.

చిజురు మిషన్ గంట మోగింది. ట్రే పొంగిపొర్లింది. ఆమె గుప్పెడు తీసి వెల్డెన్ ట్రేలో పోసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, లోపల ఏదో సర్దుకుని, ఇటు తిరిగింది.

"ఇది మీ వంతు అన్నయ్యా. దోసిలి పట్టండి."

ఎర్రటి పెదవుల మీద అదే నవ్వు. చాచిన కుడిచేతికి నల్లటి తోలు తొడుగు.

తొడుక్కుని బంతి పట్టుకునేవాడు ఈ ఊళ్ళో ఉండడని నేర్పింది ఆమే. పెట్టిన గుప్పెడు కాదనడం ఆ హాల్లో చెంప మీద కొట్టడంతో సమానం. కుజుహర నెత్తిమీది టోపీ తీసి, తిరగేసి పట్టాడు.

"టోపీలో వేసేది ముష్టి అన్నయ్యా."

"ముష్టే అనుకోండి."

ఆమె చెయ్యి కదల్లేదు. కుజుహర మణికట్టు పట్టుకుని వంచాడు. బంతులు టోపీలోకి రాలాయి. ఒక బంతికి పల్లేరుకాయకున్నట్టు సన్నటి ముల్లు.

"నగుమోకి కూడా ఇలాగే పెట్టారా?"

"అతను దోసిలి పట్టాడు," అంది చిజురు, నవ్వు చెదరకుండానే. "మర్యాద తెలిసినవాడు."

కుజుహర ఒళ్ళు భగ్గుమంది. ఆ క్షణంలోనే ఆమె రెండో చేత్తో వెల్డెన్ ట్రేని ఒక్క తోపు తోసింది. బంతులు జలజలా నేలమీద పడి నలుమూలలా దొర్లాయి.

"బంతులు పడ్డాయ్," అని కేకేసింది చిజురు. "ఎవరికి దొరికితే వాళ్ళవే."

ఇంకేముంది. గొడుగుల ముసలాయనతో సహా హాలు హాలంతా వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆ కాళ్ళ సందుల్లో వెల్డెన్ నాలుగు కాళ్ళ మీద పాకుతున్నాడు. బయట అతని కారు ఇంజన్ ఆన్‌లోనే ఉంది. నేలమీద ఎన్నో బంతులు, అన్నీ ఒకే సైజు, ఒకే మెరుపు. వాటిలో ఒక్కదాంట్లో ఫిల్మ్.

కుజుహర లైటర్ బయటికి తీశాడు.

షిరైషి మాట గుర్తు లేక కాదు. గుర్తుండే తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని లైటర్ని నేలమీద ఊడ్చినట్టు తిప్పాడు. బంతులు ద్రాక్షగుత్తిలా వచ్చి అతుక్కున్నాయి.

"అయస్కాంతం," అన్నారెవరో. హాలంతా ఒక్కసారి తలలెత్తింది. "దొంగాటగాడు. పట్టుకోండి వాణ్ణి."

తన్నులు పడ్డాయి. కుజుహర ఆపలేదు. అటు ఊడ్చాడు, ఇటు ఊడ్చాడు. పిలిచిన బంతులన్నీ బుద్ధిగా వచ్చేస్తున్నాయి. ఒక్కటి మాత్రం లైటర్‌కి తగిలి, అతుక్కోకుండా, తన దారిన తాను గుమ్మం వైపు దొర్లింది.

హాలు కాపలా కాసే ఇద్దరు పహిల్వాన్లు అతని రెక్కలు విరిచి పైకి లేపారు. బంతి గడప దగ్గరికి వెళ్ళింది. వెల్డెన్ చెయ్యి చాచాడు. వేళ్ళు తగలబోతున్నాయి. కుజుహర ఆ పహిల్వాన్లనే ఊతంగా చేసుకుని కాలు విసిరి, బంతి మీద బూటు మోపాడు. బంతి మీద పడాల్సిన వెల్డెన్ చెయ్యి బూటు మీద పడింది.

"కాలు తియ్," అన్నాడు వెల్డెన్ చక్కటి జపనీస్‌లో.

"తియ్యను. పోలీసుల్ని పిలవండి," అన్నాడు కుజుహర.

"నువ్వు చెప్పాలా?" అన్నాడో పహిల్వాన్, వీపు మీద ఒకటిచ్చి. "ఎప్పుడో ఫోన్ చేశాం."

అదే కావాలి అతనికి. ఆఫీసు పంపని బలగం అలా వచ్చింది. చిజురు ఆ సందట్లో వెనక గుమ్మం వైపు పరుగెత్తింది. నేలనిండా ఆమె పారబోసిన బంతులే, కాళ్ళకేమో ఎత్తుమడమల చెప్పులు. వెల్లకిలా పడిపోయింది. మిషన్ల మీద నుంచి ఫుసాయె తల పైకి లేచింది.

"మెల్లగా తల్లీ. ఇవతల మనుషులున్నాం."

పోలీసులు రాగానే వెల్డెన్ తన పరపతి గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. కుజుహర బంతిని మడమ కింద పెట్టి బలంగా తొక్కాడు. పై పూత చిట్లి, మూత ఊడి, పసుపు రంగు ఇత్తడి లోంచి చుట్టచుట్టుకున్న మైక్రోఫిల్మ్ బయటికి వచ్చింది. ఉపన్యాసం మధ్యలో ఆగిపోయింది.

* * *

"నా ఆర్డర్ కాదన్నావు," అన్నాడు చీఫ్ సోమవారం.

"వినపడలేదు సార్. సంగీతం."

"మళ్ళీ అలాంటి సంగీతం వినిపిస్తే నిన్ను ఉత్తర ధ్రువానికి పోస్ట్ చేస్తా." చీఫ్ ఫైలు తెరిచి, పెన్ను తీసి, తన చేత్తోనే రాసి ఇటు తిప్పాడు. 'నగుమో, విధి నిర్వహణలో మరణం.' కుజుహర చాలాసేపు ఆ అక్షరాలనే చూశాడు. కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలనుకోలేదు.

చీఫ్ ఫైలు మూసి పక్కన పెట్టాడు.

"ఇంకో సంగతి. బోతన్ హాల్ గోడ మీద నీ ఫొటో పెట్టారట. 'దొంగాటగాడు, జన్మలో లోపలికి రానివ్వరాదు' అని. ఒక్క మాట చెప్తే తీయిస్తా."

"ఉండనివ్వండి సార్," అన్నాడు కుజుహర, బొబ్బలెక్కిన బొటనవేలు నిమురుకుంటూ. "చూశాను, అందులో మీసం బాగా వచ్చింది."