అన్న బిగించిన నట్టు

ఆ బుధవారం పొద్దున మణికొండలో రాజయ్య ఎప్పటిలాగే సద్దిమూట సైకిలుకు తగిలించుకున్నాడు. తమ్ముడు వీరేశం సైకిలు మాత్రం గోడకు ఆనించినట్టే ఉంది. అది పంతొమ్మిది వందల నలభై తొమ్మిది, వానాకాలం. అన్నదమ్ములిద్దరూ బేగంపేటలో డకోటా విమానాలు బాగుచేసే షెడ్డులో మెకానిక్కులు. నిన్న సాయంత్రం ఇంజినీరు వెంకటనారాయణ వీరేశాన్ని పనిలోంచి తీసేశాడు.

సోమవారం మద్రాసుకు లేచిన విమానం పావుగంటకే ఒక ఇంజను ఆపుకుని వెనక్కి వచ్చింది. ఆయిలు గొట్టం నట్టు ఊడి, ఆయిలంతా రెక్కమీద కారింది. నట్టు బిగించాక అది కదలకుండా సన్నతీగతో కట్టాలి. ఒకడు కడితే ఇంకొకడు చూసి సంతకం చేయాలి. రెండు సంతకాలు లేనిదే విమానం లేవకూడదు. ఈ నట్టుకు తీగే లేదు. అన్న కట్టిన తీగను మళ్లీ చూద్దామని తానే విప్పి, కట్టడం మరిచిపోయానని వీరేశం ఒప్పుకున్నాడు.

రాజయ్య ఆ మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే కడుపు మండిపోయింది. అమ్మానాయన పోయినప్పుడు ఆరేళ్లవాణ్ణి చేరదీసి, పనిముట్టు పట్టడం నేర్పి, షెడ్డులో పెట్టించింది తానే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని గేటు దాటాలి?

"ఇర్వై ఒక్కమంది పానాలురా. గంత మతిలేకుంట ఎట్ల జేసినవ్? నా చేతి పని ఖరాబు జేసినవ్ గదరా" అన్నాడు.

వీరేశం తల దించుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ అంతే. అన్న మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

లోపల బియ్యం చెరుగుతున్న నీలమ్మ చేట పక్కన పెట్టి బయటికి వచ్చింది. మరిది వద్దని సైగ చేస్తున్నా ఆగలేదు. మొగుడి ముందు నిలబడింది.

"నీకు దగ్గరియి కండ్లకు ఆనుతలెవ్వు. బువ్వల రాయి కనవడ్తలేదు, అంగీ గుండీ తడుముకుంట పెట్టుకుంటున్నవ్. ఆర్నెల్ల సంది నువ్వు కట్టిన తీగెలన్నీ, నువ్వు బువ్వ తినే యాల్ల ఈ పిలగాడే మల్ల కడ్తుండు. నీకు జెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు."

రాజయ్యకు సోమవారం కళ్లముందు మెదిలింది. విమానం తొందరగా కదలాలి, ఆ రోజు తిండికి కూడా ఆగలేదు. వీరేశం టార్చిలైటు పట్టుకుని ఇంజను కిందికి వంగబోయాడు. పదిమంది చూస్తుండగా తానే ఎకసెక్కంగా అన్నాడు, నా పనికే పరీక్ష పెడ్తవారా అని. అందరూ నవ్వారు. వీరేశం లైటు ఆర్పేసి, చూడకుండానే సంతకం పెట్టాడు. తాను కట్టాననుకున్న తీగ అసలు నట్టుకు పట్టనేలేదని, ఆ తప్పు వాడు తనమీద వేసుకున్నాడని రాజయ్యకు ఇప్పుడు తెలిసింది.

రాజయ్య సైకిలెక్కాడు. బేగంపేట దాకా ఎట్లా తొక్కాడో అతనికే తెలియదు. వెంకటనారాయణకు ఉన్నదున్నట్టు చెప్పి, తనను తీసేసి తమ్ముణ్ణి పనిలోకి తీసుకోమని చేతులు జోడించాడు.

 ఇంజినీరు మెల్లగా అన్నాడు. "నీకు పని ఇవ్వలేను రాజయ్యా. అతనికీ ఇవ్వలేను. చూడకుండా చూశానని సంతకం పెట్టాడు. నీ మీద గౌరవంతోనే పెట్టాడనుకో. విమానంలో కూర్చున్నవాళ్లకు ఆ గౌరవం ఎందుకు పనికొస్తుందయ్యా?"

రాజయ్య సైకిలు తీసుకుని ఇంటిదారి పట్టాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వీరేశం అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అన్న మొహం చూసి అడగకుండానే అర్థం చేసుకున్నాడు. పోనీలే, ఇద్దరం ఏదో ఒక పని చూసుకుందామని తానే ధైర్యం చెప్పబోయాడు. ఇంజను చప్పుడు వింటే చాలు లోపల ఏం తేడా ఉందో చెప్పగల పిల్లవాడు, ఇక ఏ షెడ్డులోనూ అడుగుపెట్టలేడు. రాజయ్యకు దుఃఖం ఆగలేదు. తమ్ముడి పక్కన కూలబడ్డాడు.

"నాకు ఎదురు మాట్లాడకుంట పెంచిన్రా నిన్ను. మంచిగ పెంచిన అనుకున్న. గట్ల పెంచుడే తప్పయింది" అన్నాడు.

వీరేశం ఊరుకోమంటాడనుకున్నాడు. అట్లా కాదన్నా అంటాడనుకున్నాడు.

"అవునన్నా, తప్పే" అన్నాడు వీరేశం. "నన్ను సూడనియ్యాల్సుండె."

పుట్టి బుద్ధెరిగాక వాడు అన్నను తప్పుపట్టడం అదే మొదలు. రాజయ్య వాణ్ణి దగ్గరికి లాక్కుని, నీలమ్మ చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.