కంట్రోల్స్ ఎవరి చేతిలో

ఎండ మెత్తబడే వేళకి చిన్న విమానం మబ్బుల పైకి చేరింది. లోపల పెట్రోలు వాసన, పాత సీట్ల వాసన. పళ్ల డాక్టరమ్మ సెలవుల్లో సరదాకి విమానం నడుపుతుంది. నేర్చింది మర్చిపోలేదని అప్పుడప్పుడూ విమానం నేర్పే మాస్టారి పక్కన కూర్చుని నిరూపించుకోవాలి. లేకపోతే ఒంటరిగా ఎగరనివ్వరు.

"రోజూ అందర్నీ నోళ్లు తెరవమంటారుగా డాక్టరమ్మా. ఇవాళ మీరు కళ్లు మూయండి," అన్నాడు మాస్టారు.

పాఠం పాతదే. ఆమె కళ్లు మూసుకుని తల వంచాలి. ఆయన విమానాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పి, దిక్కు తెలియకుండా చేసి, "కంట్రోల్స్ మీవి" అంటాడు. ఆమె "నావి" అని అందుకుని సరిచెయ్యాలి. నోటితో చెప్పనిదే చేతులు మారకూడదు.

"కంట్రోల్స్ మీవి మాస్టారూ," అని కళ్లు మూసుకుంది.

"నావి," అంది హెడ్‌సెట్‌లో గొంతు.

విమానం లేచింది, ఒరిగింది, జారింది. బాగానే ఆడిస్తున్నాడు ముసలాయన, అని నవ్వుకుంది. చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. అంటే దిగుతున్నారు. ఇంకా... ఇంకా దిగుతున్నారు.

"చాల్లెండి మాస్టారూ."

కళ్లు తెరిచింది.

మాస్టారు తల వంచుకుని ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని. చేతులు రెండూ ఒళ్లో.

"మాస్టారూ... ఏంటిది?"

"నేనే తిప్పి చూపిస్తా, కళ్లు మూయండని మీరేగా అన్నారు..."

ఆమె అనలేదు.

స్టీరింగ్ దానంతటదే మెల్లగా తిరుగుతోంది. వెనక సీట్లు ఖాళీ.

మబ్బు చీలింది. ఎదురుగా కొండ. నల్లగా... దగ్గరగా.

ఇద్దరూ కలిసి లాగారు. కదల్లేదు. అంతకంటే బలంగా ఎవరో పట్టుకున్నట్టు.

"కంట్రోల్స్ నావి," అంది. "నావి. ఇచ్చెయ్యి. కింద నా కూతురు నాకోసం చూస్తోంది... ఇంకేం కావాలన్నా తీసుకో. ఇది ఇచ్చెయ్యి."

చెట్ల కొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

చెవిలో చల్లగా... "నీవి."

స్టీరింగ్ వదులైంది. చక్రాలు కొమ్మల్ని రాసుకుంటూ కొండ దాటాయి.

ఎలా దింపిందో ఆమెకే తెలియదు. ఇంజను ఆపింది. మాస్టారు దిగి, రెక్క కింద కూలబడి వాంతి చేసుకున్నాడు.

కంచె అవతల నుంచి కూతురు చెయ్యి ఊపింది. బతికే ఉన్నాను, అనుకుంది. ఏడుపొచ్చింది.

ఆమె కుడిచెయ్యి లేచి, పిల్లని ఇటు రమ్మని పిలిచింది.

ఆమె పిలవలేదు. చేతిని దించబోయింది. అది పిలుస్తూనే ఉంది.