జిగురు ఆరేలోగా

"మొదటి సీన్‌లోనే వాణ్ణి చూసి జనం జడుసుకోవాలి. మొహం నిండా మచ్చలు పెట్టు!" అంది డైరెక్టర్ మేడమ్.

"పాలుగారే వయసులో మచ్చలెలా వస్తాయి మేడమ్? ఒక్కొక్కరు ఛీకొట్టినప్పుడల్లా ఒక్కో మచ్చ అతికిస్తాను," అన్నాను. నేను ఆ గ్రూపుకి మేకప్‌మ్యాన్‌ని.

మా నాటకం ఒక పాత నవలలోంచి తీసుకున్నది. చీకటి బంగళా మెట్ల మీద దొరికిన అనాథ, పెద్దయ్యాక ఆ బంగళాకే నిప్పు పెడతాడు. ఎందుకు పెట్టాడన్నదే మా గొడవ.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. వాడి రక్తమే అంత!" అంది మేడమ్.

"ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని కూడా అన్నారుగా?"

"మరి ఇన్నాళ్లు నాతో తిరిగి నీకు బుద్ధెందుకు రాలేదో!"

గ్రూపంతా ఘొల్లుమంది. నేనూ పైకి నవ్వాను. మా నాన్న జైల్లో ఉన్నాడు. కోపంలో ఒక మనిషిని కొట్టి చంపాడు. నన్ను పెంచింది పిన్ని. మేడమ్ మా ఇంటి సంగతులు అడిగినప్పుడల్లా మాట మార్చేసేవాణ్ణి. ఇద్దరం ప్రేమలో పడ్డాక చెప్పడం మరీ కష్టమైపోయింది.

చివరికి నా పద్ధతికే ఒప్పుకుంది, "ఫైనల్ రిహార్సల్లో బాగా రాకపోతే నీ పని చెప్తా" అంటూ. ఆ రిహార్సల్ రోజు పొద్దున్నే ఇంకో బాంబు పేల్చింది.

"మన విషయం నాన్నకి చెప్పేశాను. ఏదడిగినా సరిగ్గా జవాబు చెప్పు."

పెద్దయిన అనాథ వేషం వేసేది వాళ్ల నాన్నే!

రెండో అంకానికి ముందు ఆయన నా కుర్చీలో కూర్చున్నాడు. నేను పెదవి పక్కన చెంపకి జిగురు రాస్తున్నాను.

"మీ నాన్నగారేం చేస్తారు బాబూ?"

గబుక్కున పెదవి పక్కన మచ్చ నొక్కేశాను. "మాట్లాడకండి సార్. ఆరేలోగా మొహం కదిలిస్తే ఊడిపోతుంది."

ఆయన నోరు మూసుకున్నాడు. అద్దంలోంచి కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. పక్కన మేడమ్ నిలబడి ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఈ జన్మలో చెప్పలేననిపించింది.

"జైల్లో ఉన్నాడు సార్. కోపంలో ఒక మనిషిని చంపేశాడు."

మేడమ్ చప్పున నా వైపు తిరిగింది. నేను ఆపలేదు.

"నేనింతవరకు ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కానీ కోపం వచ్చినప్పుడల్లా నా చేతులు చూసుకుని భయపడతాను. ఇది చెప్పకుండా మీ అమ్మాయిని అడగకూడదు కదా సార్."

ఫ్యాన్ అటు తిప్పాను. ఎంతకీ ఆరదే ఆ పాడు జిగురు! ఆయన దవడ వైపే చూస్తూ నిలబడ్డాను. ఛీ పొమ్మంటాడేమో, పోతే ఎక్కడికి పోవాలో కూడా తోచలేదు.

ఆయన వేలితో మచ్చని తట్టి చూసుకున్నాడు.

"మా నాన్న చీమకి కూడా హాని చెయ్యని మనిషి. ఆయన కడుపున పుట్టి, ఆయన చేతుల్లో పెరిగిన నాకు కోపమొస్తే కంచాలు గాల్లో ఎగిరేవి. ఇది చిన్నప్పుడు మంచం కింద దాక్కునేది. నేనెప్పుడూ నా చేతులు చూసుకుని భయపడలేదు బాబూ. భయపడి ఉంటే బాగుండేది."

"నాన్నా..." అంది మేడమ్ నెమ్మదిగా.

"మీరు మాట్లాడుకోండి. నాకు సీనుంది." లేచి, నా భుజం మీద చెయ్యేసి నొక్కి, స్టేజి మీదకి వెళ్లిపోయాడు.

ఆమె మొహం కందిపోయింది. "రక్తం, బుద్ధి అని అందరి ముందూ నేను వాగుతుంటే నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?"

"నువ్వు వదిలేస్తావని భయం వేసింది."

"తిక్క మనిషీ!" కళ్లు తుడుచుకుంది. "జైల్లో ములాఖత్ ఎప్పుడుంటుంది?"

"శనివారం. ఎందుకు?"

"మా నాన్న నిన్ను చూశాడు. మీ నాన్న నన్ను చూడొద్దా మరి?"